లాయరు కావాలనుకున్న దుర్గాబాయి



ఈ పుస్తకంలో మన పొదుపు, అప్పు, రికవరీ లెక్కలన్నీ చూసుకుంటాం. లెక్కల్లో రాని విషయం ఒకటుంది. అప్పు దరఖాస్తులో మీ పేరు, భర్త పేరు, ఎంత కావాలి, దేనికి కావాలి అని అడుగుతారు. చిన్నప్పుడు నువ్వు ఏం కావాలనుకున్నావు అని ఏ కాగితమూ అడగదు. సంఘం మీటింగులో ఊరికే అడిగి చూడండి. టీచరమ్మని అవుదామనుకున్నా అని ఒకరంటారు, నర్సునవుదామనుకున్నా అని ఇంకొకరంటారు. ఆ వెంటనే అందరూ చెప్పేది ఒకటే. బడి దూరమని మాన్పించారు, పెళ్లి చేసేశారు, ఇంట్లో జబ్బు చేసింది, డబ్బుల్లేవు. తరువాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందుకని ఈ ఏడు మన పుస్తకంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం చెప్పుకుందాం. ఆమె మన తెలుగు ఆడపడుచు. ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లయింది, బడి మధ్యలో ఆగిపోయింది, మూడుసార్లు జైలుకు వెళ్లింది. అయినా లాయరు అయింది. పేరు చాలామంది వినే ఉంటారు. ఎలా అయిందన్నది మాత్రం అంతగా తెలియదు. మనకు కావలసింది ఆ ఎలా అన్నదే.

ఎనిమిదేళ్ల పెళ్లికూతురు

దుర్గ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఇల్లు గోదావరి ఒడ్డు ఊళ్లో అందరి ఇళ్లలాంటిదే. ఎనిమిదేళ్లు వచ్చేసరికి దుర్గకు సుబ్బారావు అనే అబ్బాయితో పెళ్లి చేశారు. అబ్బాయిది కలిగిన కుటుంబం. అప్పట్లో అలా చేయకపోతేనే ఊరు తప్పుగా చూసేది. పెళ్లంటే ఏమిటో ఆ పిల్లకు తెలిసే వయసు కాదు.

కాపురానికి పంపే వయసు వచ్చింది. అప్పటికి దుర్గకు పదిహేనేళ్లు. ఈ పెళ్లి తనకు తెలియని వయసులో జరిగిందనీ, తాను కాపురానికి రాననీ, తన దారి వేరనీ చెప్పేసింది. భర్తతోనే నేరుగా మాట్లాడి, ఆయనను ఇంకో పెళ్లి చేసుకోమంది. వందేళ్ల కిందట ఒక ఆడపిల్ల ఇంత మాట అంటే ఇంట్లో ఏం జరుగుతుందో మనం ఊహించుకోవచ్చు. కానీ దుర్గ తండ్రీ, తమ్ముడూ ఆమె పక్షాన నిలబడ్డారు. సుబ్బారావు గారు కూడా గొడవ చేయకుండా ఒప్పుకున్నారు. తరువాత వేరే పెళ్లి చేసుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పిల్లకు ధైర్యం ఉంది, నిజమే. ఆ ధైర్యానికి వెనక ఇంట్లోవాళ్ల అండ కూడా ఉంది. తండ్రి ఒక్కడు కాదంటే ఆ కథ అక్కడితో ఆగిపోయేది. మన ఇంట్లో పదిహేనేళ్ల ఆడపిల్ల ఇప్పుడే పెళ్లి వద్దు, చదువుకుంటాను అన్నప్పుడు రామారావు గారి స్థానంలో ఉండేది మనమే.

ఈ కథ ఇంకా అయిపోలేదు. 1941లో సుబ్బారావు గారు చనిపోయారు. ఆయన రెండో భార్య దిక్కులేనిదయింది. ఆమెను తన దగ్గరకు పిలిపించుకుని, పని నేర్పించి, తన కాళ్ల మీద తాను నిలబడేలా చేసింది దుర్గాబాయి గారే. ఆమె తరువాత హైదరాబాదులో చేతిపనులు నేర్పే ఉద్యోగం చేసుకుని బతికారు.

బడి మానేసిన పిల్ల బడి పెట్టింది

దుర్గ బడి మానేసింది పెళ్లివల్ల కాదు. అది స్వాతంత్ర్య పోరాటం రోజులు. బడిలో ఇంగ్లీషులోనే చదవాలంటే ఇష్టంలేక, చిన్న వయసులోనే బడి వదిలేసింది. ఇంట్లో ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుంది. తనకు వచ్చింది పదిమందికీ చెప్పాలని ఆడపిల్లలకు, ఆడవాళ్లకు హిందీ బడి పెట్టింది. చెప్పే పంతులమ్మకే ఇంకా చిన్నపిల్ల వయసు.

గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. అప్పటికి దుర్గకు పన్నెండేళ్లు ఉంటాయేమో. ఊళ్లో దేవదాసీలూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలూ ఉన్నారు. మామూలు సభకు వాళ్లను ఎవరూ పిలవరు, పిలిచినా వాళ్లు రాలేరు. వాళ్లు గాంధీగారిని విడిగా కలవాలని దుర్గ పట్టుబట్టింది. సభ పెద్దలు చిన్నపిల్ల అని తేలిగ్గా తీసుకుని, అయిదు వేల రూపాయల విరాళం పోగుచేసి తెస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. అప్పటి అయిదు వేలంటే ఎంత డబ్బో! ఆ ఆడవాళ్లే తలా కొంత వేసి ఆ డబ్బు పోగుచేశారు. సభ జరిగింది. గాంధీగారు అయిదు నిమిషాలకని వచ్చి చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీలో చెబుతుంటే దుర్గ తెలుగులో చెప్పింది. విన్నవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. దుర్గ కూడా తన గాజులు ఇచ్చేసింది. ఆ తరువాత గాంధీగారు ఆంధ్రలో మాట్లాడిన సభల్లో ఈ పిల్ల చేతే తెలుగు చెప్పించుకున్నారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడ ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర దుర్గ వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపకూడదని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు టిక్కెట్టు లేకుండా వచ్చారు. దుర్గ ఆపేసింది. పెద్దలు కంగారు పడి వచ్చి టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి పంపింది. అప్పగించిన పని సరిగ్గా చేసిందని నెహ్రూ గారు మెచ్చుకున్నారు. మన సంఘాల్లో పుస్తకాలు రాసే అమ్మాయిలకు ఈ కథ బాగా నచ్చుతుంది. లెక్క దగ్గర చిన్నా పెద్దా లేదు.

జైల్లో పుట్టిన కోరిక

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి గారు మద్రాసులో ముందు వరసలో నడిచారు. అప్పటికి ఇరవై ఏళ్లు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు అరెస్టు చేశారు. వెల్లూరు జైలు, మధుర జైలు. మధురలో ఉరిశిక్ష పడినవాళ్ల గదుల పక్కన ఒంటరి గదిలో చాలాకాలం ఉంచారు. ఆరోగ్యం పాడయింది.

లాయరు కావాలన్న కోరిక ఆ జైల్లోనే పుట్టింది. స్వాతంత్ర్యం కోసం వచ్చినవాళ్లకు తామెందుకు జైలుకు వచ్చామో తెలుసు. అక్కడ మామూలు నేరాల మీద శిక్షపడిన పేద ఆడవాళ్లు కూడా ఉన్నారు. దుర్గాబాయి గారు వాళ్లతో మాట్లాడారు. చాలామందికి తమ మీద పెట్టిన కేసేమిటో సరిగా తెలియదు. చదువు రాదు. కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేశారు. చేయని తప్పును ఒప్పుకున్నట్టు ఆ కాగితంలో రాసి ఉంది. వాళ్ల తరఫున కోర్టులో నోరు తెరిచినవాళ్లు లేరు. పిల్లలు బయట ఏమయ్యారో తెలియదు.

వీళ్లకోసం మాట్లాడాలంటే చట్టం తెలియాలి. చట్టం తెలియాలంటే లా చదవాలి. లా చదవాలంటే ముందు డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటరు, ఇంటరుకు మెట్రిక్. ఆమె చేతిలో మెట్రిక్ కూడా లేదు. అంటే నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. పైగా ఏ ఇంగ్లీషు వద్దని బడి మానేసిందో, ఆ ఇంగ్లీషులోనే లా చదవాలి, కోర్టులో ఆ ఇంగ్లీషులోనే వాదించాలి.

1933లో జైలు నుంచి బయటికి వచ్చాక ఆమె రాజకీయాలను పక్కనబెట్టి చదువుకు కూర్చున్నారు. అప్పటికి ఆమెకు రాష్ట్రమంతా పేరుంది. సభల్లో వేలమంది ముందు మాట్లాడిన మనిషి. అలాంటి మనిషి ఇరవై నాలుగేళ్ల వయసులో చిన్నపిల్లల పుస్తకాలు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకోవడం తేలిక కాదు. మనలో ఎంతమందికి పిల్లల ముందు పలక పట్టుకోవడానికి సిగ్గు వేసిందో గుర్తు చేసుకోండి.

ఒక్కో మెట్టు, ఒక్కో అడ్డు

మొదటి అడ్డు మెట్రిక్. బడికి వెళ్లే వయసు దాటిపోయింది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షను ప్రైవేటుగా రాసుకోనిచ్చేది. ఆమె ఇంటి దగ్గర చదువుకుని, ఆ పరీక్ష రాసి పాసయ్యారు. తరువాత ఇంటరు కూడా బనారస్‌లోనే.

రెండో అడ్డు డిగ్రీ. ఆమె రాజనీతి శాస్త్రం చదవాలనుకున్నారు. దేశాన్ని ఎలా నడుపుతారు, చట్టం ఎవరు చేస్తారు అనేది ఆ చదువు. అది మగవాళ్ల చదువని బనారస్‌లో ఆడపిల్లలకు సీటు ఇవ్వలేదు. ఆమె వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కనుక చేర్చుకోవడం కష్టమన్నారు.

ఈ చోట కాసేపు ఆగుదాం. ఈ కథలో అన్నిటికన్నా మనకు పనికివచ్చేది ఇదే. హాస్టలు లేదు అన్నమాట విని ఎంతమంది ఆడపిల్లలు వెనక్కి వెళ్లి ఉంటారో లెక్కలేదు. హాస్టలు లేదు కనుక ఆడపిల్లలు రారు, ఆడపిల్లలు రారు కనుక హాస్టలు కట్టరు. దుర్గాబాయి గారు పేపర్లో ఒక ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఉంటే తనను కలవమని అందులో రాశారు. పదిమంది దాకా వచ్చారు. వాళ్లందరూ కలిసి ఒక హాస్టలు మొదలుపెట్టుకున్నారు. ఇప్పుడు హాస్టలు ఉంది, సీటు ఇవ్వండి అని మళ్లీ వెళ్లారు. సీటు వచ్చింది. ఆమెకు ఒక్కదానికే కాదు, ఆ పదిమందికీ వచ్చింది.

ఆమె ఒక్కరే ఎవరో బంధువుల ఇంట్లో ఉండి చదువుకుని ఉండవచ్చు. అప్పుడు ఒక్కరు చదువుకునేవారు, తలుపు మళ్లీ మూసుకునేది. ఒక్కదానికి దొరకనిది పదిమంది కలిసి అడిగితే దొరుకుతుందని మన సంఘాలకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కరు వెళ్లి అడిగితే బ్యాంకులో కుర్చీ కూడా చూపించని రోజులు మనలో పెద్దవాళ్లకు తెలుసు. తీర్మానం రాసుకుని, సంఘం పేరు మీద వెళ్లాకే లింకేజీ వచ్చింది. దుర్గాబాయి గారు వాల్తేరులో చేసింది అదే పని.

1939లో ఆమె బి.ఎ. ఆనర్స్ మొదటి తరగతిలో పాసయ్యారు. లండన్‌లో పెద్ద చదువు చదవడానికి టాటావారి స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంక వెళ్లడమే అనుకునేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలయింది. ప్రయాణం ఆగిపోయింది. అది మూడో అడ్డు. ఆమె తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు. వానలు పడక పంట పోయినట్టే. యుద్ధం ఆగేదాకా చూస్తూ కూర్చోకుండా మద్రాసు లా కాలేజీలో చేరారు. అసలు కావాలనుకున్నది లా చదువే కదా.

1942లో ఆమె నల్లకోటు వేసుకుని మద్రాసు కోర్టులో లాయరుగా చేరారు. జైలు నుంచి బయటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. వయసు ముప్పై మూడోది నడుస్తోంది. పన్నెండేళ్లకు సభలో మాట్లాడిన పిల్లకు కోర్టులో మాట్లాడటానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. క్రిమినల్ కేసులు వాదించారు. ఆ కేసులు అప్పట్లో ఆడవాళ్లు ముట్టుకునేవి కావు.

తాను నేర్చుకుంటూనే

ఈ చదువంతా నడుస్తున్నప్పుడే ఇంకో పని కూడా నడిచింది. 1937 ప్రాంతంలో ఆమె మద్రాసు మైలాపూరులో చిన్నపిల్లలను పోగుచేసి ఒక బాలికల సంఘం పెట్టారు. తనలాగా బడి మధ్యలో ఆగిపోయిన అమ్మాయిలను, పెళ్లయి పుట్టింటికి వచ్చేసినవాళ్లను, భర్త పోయినవాళ్లను కూర్చోబెట్టి బనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించారు. తాను ఎక్కిన మెట్టు ఎలా ఎక్కాలో ఆమెకు తెలుసు. ఏ పుస్తకం చదవాలి, ఏ లెక్క దగ్గర తడబడతారు, ఎక్కడికి వెళ్లి పరీక్ష రాయాలి అన్నీ తెలుసు. ఆ చిన్న పనే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది.

సభలో చదువుతోపాటు కుట్టుపని, చేతిపనులు, నర్సు పని నేర్పారు. ఆసుపత్రి వచ్చింది. ఆంధ్ర మహిళ అనే పత్రిక కూడా నడిపారు. తరువాత హైదరాబాదులో కూడా సభ బళ్లు, కాలేజీలు, ఆసుపత్రి వచ్చాయి. హైదరాబాదు విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి అని మనవాళ్లు చెప్పుకునేది అదే. ఇదంతా చందాలమీద మొదలయింది. కాకినాడలో పన్నెండేళ్ల వయసులో అయిదు వేలు పోగుచేసిన అనుభవం ఊరికే పోలేదు.

రాజ్యాంగం రాసిన పదిహేను మంది ఆడవాళ్లలో

1946లో దేశానికి రాజ్యాంగం రాయడానికి సభ ఏర్పడింది. దాంట్లో ఉన్న స్త్రీలు మొత్తం పదిహేను మంది. వాళ్లలో దుర్గాబాయి గారు ఒకరు. అధ్యక్షులు లేనప్పుడు సభ నడిపించడానికి పెట్టిన పెద్దల జాబితాలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె.

అక్కడ ఆమె ఊరికే కూర్చోలేదు. ఎన్నో సవరణలు ప్రతిపాదించారు. ఒకటి చెప్పుకుందాం. రాజ్యసభకు పోటీ చేయాలంటే కనీసం ముప్పై అయిదేళ్లు ఉండాలని ముందు రాశారు. ఇప్పటి చదువులతో తెలివి ముందే వస్తుంది, వయసు ఒక్కటే కొలత కాదని చెప్పి ముప్పైకి తగ్గించాలని ఆమె సవరణ పెట్టారు. ఇప్పటికీ ఆ ముప్పై ఏళ్ల నిబంధనే నడుస్తోంది.

కూతుళ్లకు ఆస్తిలో వాటా, భార్యకు హక్కు, విడాకులు ఉండాలన్న హిందూ కోడ్ బిల్లును ఆమె గట్టిగా సమర్థించారు. అప్పట్లో దానికి చాలా వ్యతిరేకత వచ్చింది. తరువాత అది ముక్కలు ముక్కలుగా చట్టాలయింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కూడా వాటా ఇచ్చే సవరణ మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పుట్టింటి పొలంలో మీ పేరు గురించి ఎవరైనా అడ్డం తిరిగితే, ఆ హక్కు వెనక ఇంతమంది ఆడవాళ్ల పోరు ఉందని గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. రాజ్యాంగ సభకు ఢిల్లీ వెళ్లడంతో ఆమె లాయరు పని ఆగిపోయింది. అంటే తొమ్మిదేళ్లు కష్టపడి సంపాదించిన నల్లకోటు వేసుకున్నది నాలుగేళ్లే. అంత కష్టం వృథా అయిందా అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ చట్టం చదివిన మనిషి కాబట్టే చట్టం రాసే చోట ఆమె మాటకు విలువ వచ్చింది. ఒక్కొక్క కేసు వాదించే బదులు, అందరి కేసులకూ ఆధారమైన పుస్తకం దగ్గర కూర్చున్నారు. మనం అనుకున్న పని అనుకున్న రూపంలోనే దొరకకపోవచ్చు. దానికోసం నేర్చుకున్నది మాత్రం మన దగ్గరే ఉంటుంది.

ఎన్నికల్లో ఓడిపోయాక

1952లో ఆమె పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయారు. జైలుకు వెళ్లి, రాజ్యాంగం రాసి, అంత పేరున్న మనిషి కూడా ఓడిపోయారు. ఆ తరువాత ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఎనిమిదేళ్ల వయసులో ఎవరో చేసిన పెళ్లి ఒకటి. నలభై మూడేళ్ల వయసులో తన ఇష్టంతో, తన సంతకంతో చేసుకున్న రిజిస్టరు పెళ్లి ఇది. నెహ్రూ గారు సాక్షి సంతకం పెట్టారు.

అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. దేశమంతటా ఊళ్లలో ఆడవాళ్లకు, పిల్లలకు పనిచేసే చిన్న చిన్న సంస్థలకు ఈ బోర్డు డబ్బు సాయం చేసింది. 1958లో ఈ బోర్డు ఒక పథకం పెట్టింది. బడి మధ్యలో మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లకు తక్కువ కాలంలో చదువు చెప్పి పరీక్ష రాయించే పథకం అది. కండెన్స్‌డ్ కోర్సు అనేవారు. ఆ కోర్సు చదివి టీచర్లయినవాళ్లు, నర్సులయినవాళ్లు, గ్రామసేవికలయినవాళ్లు మన జిల్లాల్లో కూడా ఉన్నారు. మైలాపూరులో కొద్దిమంది అమ్మాయిలకు ఆమె చెప్పిన మెట్రిక్ పాఠమే దేశమంతటికీ పథకమయింది.

ఆడపిల్లల చదువు మీద ప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి కూడా 1958లో ఆమెనే పెద్దగా పెట్టారు. ఆడపిల్ల చదువును వేరుగా చూసి, దానికి వేరుగా డబ్బు పెట్టి, మగపిల్లలతో ఉన్న తేడా పోగొట్టాలని ఆ కమిటీ చెప్పింది.

1953లో ఆమె చైనా వెళ్లినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండటం చూశారు. భార్యాభర్తల గొడవ, పిల్లలెవరి దగ్గర ఉండాలి, మనోవర్తి ఎంత అన్నవి దొంగతనం కేసులతో కలిపి చూడకూడదనీ, విడిగా, త్వరగా తేల్చాలనీ మన దేశంలో పెద్ద జడ్జీలతోనూ నెహ్రూ గారితోనూ మాట్లాడారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి మూడేళ్లయింది. 1975లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. హాస్టలు లేదు అన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇప్పుడు ఆమె పేరుమీద మహిళా అధ్యయన కేంద్రం ఉంది.

మనం తీసుకోవలసింది

పెద్దవాళ్ల కథ విని, వాళ్లు గొప్పవాళ్లు, మనవల్ల అవుతుందా అనుకోవడం మామూలే. దుర్గాబాయి గారికి మనలో చాలామందికి లేనివి కొన్ని ఉన్నాయి. అండగా నిలిచిన తండ్రి, చిన్నప్పటి నుంచీ పెద్దలతో పరిచయం. కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇల్లు కాదు ఆమెది. ఈ తేడా ఉంది. కానీ ఆమెకు లేనివి మనకు కొన్ని ఉన్నాయి. వాటిని వాడుకోవాలి.

ఒకటి, చదువు. పదో తరగతి మధ్యలో ఆగిపోయినవాళ్లు బనారస్ వెళ్లక్కర్లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు ఎవరైనా తెలుగులోనే పదో తరగతి పరీక్ష రాయవచ్చు. పై వయసు హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, కొన్ని కొన్నిగా పూర్తి చేసుకోవచ్చు. తరువాత ఇంటరు కూడా ఉంది.

రెండు, చట్టం సాయం. జైల్లో దుర్గాబాయి గారు చూసిన ఆడవాళ్లకు లాయరు దొరకలేదు. ఇప్పుడు 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి. అది అప్పు కాగితం కావచ్చు, పోలీసు స్టేషను కాగితం కావచ్చు, పొలం కాగితం కావచ్చు.

మూడు, సంఘం. ఆమె పేపర్లో ప్రకటన వేసి పదిమందిని వెతుక్కోవలసి వచ్చింది. మన పదిమంది వారం వారం ఎదురుగానే కూర్చుంటున్నారు.

సంఘం మీటింగులో మాట్లాడుకోవడానికి

ఈ పాఠం చదివి వినిపించాక ప్రతి సంఘమూ ఈ నాలుగు విషయాలు మాట్లాడుకుని, వచ్చిన జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే బాగుంటుంది.

1. మనలో ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు ఏం కావాలనుకున్నారు? ఎక్కడ ఆగిపోయింది? ఒక్కొక్కరు చెప్పాలి. ఎవరూ నవ్వకూడదు.

2. ఆ అడ్డుల్లో ఇప్పటికీ ఉన్నవి ఏవి, పోయినవి ఏవి? ఉదాహరణకు, అప్పుడు ఊళ్లో బడి లేదు, ఇప్పుడు ఉందా? అప్పుడు పిల్లలు చిన్నవాళ్లు, ఇప్పుడు పెద్దవాళ్లయ్యారా?

3. మన సంఘంలో పదో తరగతి పూర్తి చేయనివాళ్లు ఎంతమంది? ఈ ఏడు ఓపెన్ స్కూల్లో చేరదలచినవాళ్లు ఎవరు? ఫీజుకు సంఘం నుంచి అప్పు ఇవ్వాలంటే ఎంత అవుతుంది? సాయంత్రం పూట వాళ్లకు చెప్పగల చదువుకున్న అమ్మాయి మన ఊళ్లో ఎవరున్నారు?

4. మన ఇళ్లలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలు ఎంతమంది? వాళ్లు ఏం కావాలనుకుంటున్నారని మనం ఎప్పుడైనా అడిగామా?

మూడో ప్రశ్నకు వచ్చిన పేర్లను గ్రామ సంఘానికి రాసి ఇవ్వండి. ఒక ఊళ్లో ఒకరే ఉంటే పక్క ఊరివాళ్లతో కలపండి. పదిమంది దొరికితే ఒక తరగతి అవుతుంది.